మాట మనం అందించకూడదు: నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో వృత్తిపదాలు సేకరించే పద్ధతి

పొలంలో ఒక పెద్దాయన పక్కన నిలబడి, కాలి కింద ఉన్న మట్టికట్ట చూపించి, "దీన్ని గెనిమ అంటారా, గట్టు అంటారా?" అని అడిగారనుకోండి. "ఆ, రెండూ అంటాం" అంటాడు. అది జవాబు కాదు, మర్యాద. ఎండలో పడి ఇంత దూరం వచ్చిన మనిషి మాట కాదనడం దేనికని ఆయన తల ఊపాడు. మీరు దాన్ని నోట్‌బుక్‌లో ఎక్కించుకుని, ఆ ఊళ్లో రెండు మాటలూ వాడుకలో ఉన్నాయని వ్యాసంలో రాసేస్తారు. బహుశా ఆ ఊళ్లో ఆ రెండూ కాక మూడో మాట ఉండి ఉంటుంది. అది మీకు ఎప్పటికీ దొరకదు.

ఎం.ఏ., పీహెచ్‌డీ కోసం మాండలికం మీద పనిచేసేవాళ్లకీ, ఊరి చరిత్ర రాసుకునేవాళ్లకీ, పిల్లల చేత ప్రాజెక్టు చేయించే తెలుగు టీచర్లకీ పనికొచ్చేలా ఈ పద్ధతి రాస్తున్నాం. పెద్ద ఖర్చేమీ లేదు. ఒక ఫోను, రెండు నోట్‌బుక్కులు, పెన్సిలు, ఓపిక చాలు. ఎక్కువ కావాల్సింది ఆ చివరిదే.

ముందు ఊళ్లు ఎంచుకోవాలి

జిల్లా పేరు పెట్టుకుని మాండలికం వెతకడం ఈ ప్రాంతంలో పెద్ద పొరపాటు. ప్రకాశం జిల్లా 1970లో ఒంగోలు జిల్లాగా పుట్టింది, 1972లో టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. ఒంగోలు, అద్దంకి వైపు గుంటూరు నుంచి వచ్చాయి. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి వైపు నెల్లూరు నుంచి వచ్చాయి. మార్కాపురం, గిద్దలూరు వైపు కర్నూలు నుంచి వచ్చాయి. ఆ ఒంగోలు కూడా 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాదే. 2022లో మళ్లీ కందుకూరు నెల్లూరులోకి, అద్దంకి, చీరాల, పర్చూరు బాపట్లలోకి, వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి పోయాయి. గీతలు ఇంకా కదులుతూనే ఉన్నాయి. మనుషులు మాత్రం తాతల నాటి మాటే మాట్లాడుతున్నారు.

అందుకని "ప్రకాశం మాండలికం" అనే శీర్షిక పెట్టుకోకండి. పాత తాలూకాలు మ్యాపు మీద గీసుకుని, ఒక్కో పాత జిల్లా భాగం నుంచి ఒక్కో ఊరు తీసుకోండి. అంటే ఒంగోలు వైపు ఒకటి, కనిగిరి వైపు ఒకటి, మార్కాపురం వైపు ఒకటి. నెల్లూరు పెన్న డెల్టాలో నాలుగోది చేర్చుకుంటే పోలిక ఇంకా బాగా తేలుతుంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం తెలుగు నేలని నాలుగు భాషా మండలాలుగా చూసింది. నెల్లూరు దక్షిణ మండలంలో రాయలసీమతో కలిసింది, గుంటూరు మధ్య మండలంలోకి పోయింది. ఆ రెండింటి అతుకు సరిగ్గా ప్రకాశం నడుమ నుంచి పోతుందన్నమాట. అతుకు మీద పనిచేసేవాడికి దొరికినంత పదసంపద నడిమధ్య పనిచేసేవాడికి దొరకదు.

ఎంచుకున్న ఊరు హైవే పక్కన ఉంటే వదిలేయండి. బస్సు దిగి ఆటో ఎక్కి పోవాల్సిన ఊరు మేలు. ప్రతి కాగితం మీదా జిల్లా కంటే ముందు ఊరు, మండలం, పాత తాలూకా రాయండి. పాతికేళ్ల తర్వాత చదివేవాడికి జిల్లా పేరు వల్ల ఏమీ తెలియదు.

ఎవరితో మాట్లాడాలి

ఒక వృత్తికి ఒక ఊళ్లో కనీసం ముగ్గురు కావాలి. ఇద్దరు 60 దాటినవాళ్లు, ఒకరు 40 లోపువాళ్లు. ఇద్దరు పెద్దల్లో ఒకరు ఆడమనిషి అయి తీరాలి. నాట్లు, కలుపు, ఎగబోత, విత్తనాల దాపు పనుల మాటలు ఆడవాళ్ల నోటే ఉంటాయి. మగవాళ్లని అడిగితే "అయ్యన్నీ ఆడోళ్లు చూసుకుంటారు" అని దాటేస్తారు.

అయితే ఆడవాళ్ల దగ్గర ఒక జాగ్రత్త కావాలి. వాళ్లలో చాలామంది ఆ ఊరికి కోడళ్లుగా వచ్చినవాళ్లే. ఉదయగిరి కొండల కింద పుట్టి, కోవూరు పక్కన కాపురం చేసే అవ్వ మాటలో రెండూ కలిసి ఉంటాయి. ఆమెని వదులుకోవద్దు. పుట్టిన ఊరు, వచ్చిన ఏడు రాసుకుంటే చాలు. "మీ అమ్మగారింట్లో ఏమనేవాళ్లు, ఇక్కడేమంటారు?" అని అడిగితే ఒక్క మనిషి దగ్గరే రెండు ఊళ్ల పదాలు దొరుకుతాయి. తేడా ఎక్కడుందో ఆమెకి బాగా తెలుసు, ఎందుకంటే కొత్తకోడలిగా ఆ మాటకే అత్తగారింట నవ్వించుకుని ఉంటుంది.

మిమ్మల్ని ఊళ్లోకి తీసుకెళ్లే మనిషి ఎవరైనా సరే, ఆయన టీచరైనా, సర్పంచైనా, బంధువైనా, తన వీధికే తీసుకెళ్తాడు. మొదటి రోజు అలాగే పొండి, కాదనకండి. రెండో రోజు నుంచి మీ అంతట మీరు వేరే వీధికి, దళితవాడకి, యానాదుల కాలనీకి పొండి. ఒకే చెరువు కింద, ఒకే పంట పండించే ఊళ్లో భూమి ఉన్నవాడి మాట వేరు, ఆ భూమిలో కూలి చేసేవాడి మాట వేరు. పనిముట్టు రోజంతా పట్టుకునేది రెండోవాడు. దాని భాగాల పేర్లు ఎక్కువ వచ్చేదీ అతనికే.

ఎప్పుడు పోవాలి

నెల్లూరు డెల్టాలో పెద్ద పంట నాట్ల రోజుల్లోనూ కోతల రోజుల్లోనూ పోకండి, ఎవరికీ తీరిక ఉండదు. పోయినా గట్టు మీద కూర్చుని పని చూడటానికి పొండి, ప్రశ్నలు అడగడానికి కాదు. ఎడగారు, అంటే రెండో పంట, వేయని ఊళ్లలో ఎండాకాలం మంచిది. సముద్రపు ఒడ్డున మరపడవలకి వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. ఆ రెండు నెలలూ వలలు అల్లుకుంటూ, పడవలు బాగుచేసుకుంటూ మనుషులు ఒడ్డునే ఉంటారు. వల చేతిలో ఉండగా వల మాటలు అడగడానికి అంతకంటే మంచి కాలం లేదు. వెంకటగిరి నేతగాళ్ల దగ్గరికి వానాకాలం పోవచ్చు. గుంటమగ్గంలోకి నీళ్లు ఊరితే పని ఆగుతుంది, మాట్లాడటానికి మనుషులు దొరుకుతారు. కానీ పని ఆగిందంటే కూలి ఆగిందని అర్థం. ఆ సంగతి గుర్తుపెట్టుకుని మాట్లాడండి.

రోజులో మధ్యాహ్నం 3 తర్వాత, లేదా పొద్దున 7 లోపు పొండి. ఒక్కసారికి 45 నిమిషాలు, మహా అయితే గంట. ఆ తర్వాత వచ్చేవి అలసిపోయిన జవాబులు.

అడిగే తీరు

ఒకటే సూత్రం. మాట మనం అందించకూడదు. వస్తువు చూపించాలి, లేదా పరిస్థితి చెప్పాలి. మాట వాళ్ల నోట రావాలి.

"దీన్నేమంటారు?" అన్న ప్రశ్న కూడా అంత మంచిది కాదు. ఆ ప్రశ్న వినగానే బడిలో టీచర్ అడిగినట్టుంటుంది, జవాబు పుస్తకం భాషలో వస్తుంది. అంతకంటే ఇలా అడిగి చూడండి:

"ఇది విరిగిపోయిందనుకో తాతా, వడ్రంగి దగ్గరికి పోయి ఏమని చెప్తావు?"

"మీ నాయన పొలంలోంచి కేకేసి దీన్ని తెమ్మంటే ఏమనేవాడు?"

"పై పొలంలో నీళ్లు కింద పొలంలోకి పోకుండా ఏం చేస్తారు?"

మూడో ప్రశ్నకి జవాబులో మట్టికట్ట పేరు దానంతటదే వస్తుంది. దానితోపాటు క్రియ కూడా వస్తుంది. అదే అసలు లాభం. సేకరణలన్నీ నామవాచకాల జాబితాలుగా తేలిపోతున్నాయి. కర్రు, మేడి, కాడి అని నాగలి భాగాల పేర్లు రాసుకొస్తారు. కర్రు మొద్దుబారితే కమ్మరి దగ్గర చేయించే పనిని ఏమంటారో ఎవరూ రాయరు. పేరు కంటే ముందు పోయేది పనిమాట. పని ఆగిన రోజునే దాని మాట కూడా ఆగిపోతుంది.

ఒక నాగలి తీసుకుని చూద్దాం. ఇప్పుడు చాలా ఇళ్లలో అది కొట్టం వెనక గోడకి ఆనించి ఉంటుంది, లేదా చూరు కింద దుమ్ముపట్టి ఉంటుంది. దింపించండి. దింపి తుడిచేటప్పుడే పెద్దాయన మాట్లాడటం మొదలుపెడతాడు, మీరేమీ అడగక్కర్లేదు. నేల మీద పెట్టాక మొన దగ్గర మొదలుపెట్టి వెనక్కి రండి. నేలలోకి దిగే ఇనుము, ఆ ఇనుము కూర్చునే కొయ్య, చేత్తో పట్టుకునే పిడి, ఎద్దుల వైపు పోయే పొడుగు కొయ్య, ఎద్దుల మెడ మీద కూర్చునేది, వాటన్నిటినీ కట్టే తాళ్లు. ఒక్కోదాని దగ్గర ఐదు సంగతులు అడగండి. పేరేమిటి, ఏ చెట్టు కొయ్య, ఎవరు చేసేవారు, ఏది ముందు పాడవుతుంది, పాడైతే ఏం చేసేవారు. "తుమ్మ కొయ్యేనా?" అని మీరు అన్నారంటే మళ్లీ మొదటికే వచ్చినట్టు. "ఏ చెట్టు?" అని ఊరుకోండి.

ఒక వస్తువుకి ఒక పేరు అని కూడా అనుకోకండి. పొడుగు కొయ్యని ఏడికోల అనే ఊరుంది, నొగ అనే ఊరుంది. ఒకే ఊళ్లో బండిదాన్ని నొగ, నాగలిదాన్ని ఏడికోల అని విడదీసేవాళ్లూ ఉన్నారు. విడదీస్తారో లేదో తెలియాలంటే రెండు వస్తువులూ ఎదురుగా ఉండాలి. ఫోనులో బొమ్మ చూపిస్తే ఆ తేడా ఎగిరిపోతుంది. బొమ్మలో కొలత ఉండదు, బరువు ఉండదు, వెనకవైపు కనపడదు. బొమ్మ చూపించి పల్లెమనిషి చేత పేరు చెప్పించడం కంటే బొమ్మ లేకుండా అడగడమే నయం.

అడిగాక నోరు మూసుకుని కూర్చోవడం కష్టమైన పని. మనసులో ఆరు లెక్కపెట్టండి. ఎదుటి మనిషి గుర్తుచేసుకుంటున్నాడు. మూడో సెకనులో మీరు ఇంకో ప్రశ్న వేస్తే గొంతుదాకా వచ్చిన మాట లోపలికి పోతుంది.

చుట్టూ చేరేవాళ్ల సంగతి. ఊళ్లో టేపు పెట్టి మాట్లాడుతున్నారంటే పదిమంది మూగుతారు. వాళ్లలో చదువుకున్న కుర్రాడొకడు "కాదు తాతా, దాన్ని అట్ట అనరు, ఇట్ట అనాల" అని దిద్దుతాడు. అతన్ని కసరకండి. అతని చేతికి నోట్‌బుక్ ఇచ్చి, మీతో వచ్చిన రెండో మనిషిని తోడిచ్చి, ఊళ్లో ఉన్న చెరువుల, కాలవల, దిబ్బల పేర్లు రాయించండి. అతను గౌరవంగా పక్కకి పోతాడు, మీకు స్థలనామాలూ దొరుకుతాయి. ఒంటరిగా పోకుండా ఇద్దరు పోవాలని చెప్పడానికి ఇదొక కారణం.

ఇంకో మాట. "మీ యాసలో చెప్పండి" అని ఎన్నడూ అనొద్దు. నెల్లూరు యాస అనగానే సినిమాల్లో నవ్వించే పాత్ర గుర్తొస్తుంది. కొందరు బిగుసుకుపోయి టీవీ తెలుగు మాట్లాడతారు. ఇంకొందరు ఉత్సాహపడి ప్రతి వాక్యానికీ "ఏందబ్బా", "ఉండాదిలే" తగిలించి మీకు నాటకం ఆడి చూపిస్తారు. రెండూ పనికిరావు. రికార్డింగులో మొదటి పావుగంట ఎలాగూ ఇదే ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఎద్దులు, వానలు, పాత అప్పులు, తుపాన్లు మాట్లాడనివ్వండి. కోపమొచ్చే విషయం ఒకటి తగిలితే అసలు మాట బయటికొస్తుంది. నీటి వంతుల తగాదా గురించి అడిగితే చాలు.

వ్యాకరణం కావాల్సినవాళ్లు కూడా ప్రశ్నావళి చదవొద్దు. "నిన్న మీవాడు వచ్చాడా?" అంటే జవాబులో మీ 'వచ్చాడు'నే తిప్పి ఇస్తారు. "నిన్న ఎవరెవరు కనపడ్డారు?" అని వదిలేయండి. "వచ్చాడు" అంటారా, "వచ్చినాడు" అంటారా, "రాలేదు" అంటారా, "రాలా" అంటారా, "రాలే" అంటారా, అన్నీ ఐదు నిమిషాల కబుర్లలో తేలిపోతాయి. వేరుసెనగకి పేరు కూడా అంతే. శెనక్కాయలా, బుడ్డలా, పల్లీలా అన్నది అడిగి తెలుసుకోవాల్సింది కాదు, సంతలో అమ్మేచోట నిలబడి వినాల్సింది.

రికార్డింగు

ఫోను చాలు. విమానం గుర్తు నొక్కి కాల్స్ ఆపేయండి. ఫైలు వేవ్ రకంలో, 48 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనోలో పెట్టుకుంటే గంటకి సుమారు 350 ఎంబీ పడుతుంది. ఎంపీ3లో చోటు కలిసొస్తుంది గానీ చ, ౘ లాంటి తేడాలు వినాల్సినచోట సందేహం మిగులుతుంది. కాలరు మైకు ఉంటే నోటికి జానెడు దూరంలో తగిలించండి. లేకపోతే ఫోనుని ఇద్దరి మధ్యా మూరెడు లోపు, నేల మీద కాకుండా మడిచిన తువ్వాలు మీద పెట్టండి. ఫ్యాను ఆపమని అడగాలి. ఒడ్డున అయితే గాలికి అడ్డంగా పడవ చాటున కూర్చోవాలి.

మొదటి 20 సెకన్లలో మీరే తేదీ, ఊరు, మండలం, మనిషి సంఖ్య (పేరుకి బదులు మీరిచ్చే అంకె) చెప్పండి. ఆ వెంటనే, రికార్డు చేస్తున్నామనీ, ఎందుకోసమనీ, వద్దంటే ఎప్పుడైనా ఆపేస్తామనీ చెప్పి, వాళ్ల ఒప్పుదల వాళ్ల గొంతుతోనే రికార్డు కానివ్వండి. సంతకం కాగితం ముందు పెడితే భయపడతారు. సంతకం పెట్టించుకున్న కాగితాలతో పల్లెల్లో జరిగిన అన్యాయాలు తక్కువేమీ కాదు.

ఆ రాత్రికే రెండు చోట్లకి ఎక్కించండి. ఫైలుకి ఊరు, తేదీ, మనిషి సంఖ్య, వరుస సంఖ్యలతో పేరు పెట్టండి. "తాత గారు కొత్తది 2" అని పెట్టిన ఫైలు ఆర్నెల్లకి ఎవరిదో మీకే తెలియదు. గంట మాటని కాగితం మీదికి దించడానికి ఆరు నుంచి పది గంటలు పడుతుంది. ఇది ముందే లెక్కేసుకోకపోవడం వల్లే చాలా పరిశోధనలు 40 గంటల రికార్డింగుతో, 4 గంటల రాతతో ఆగిపోయి ఉంటాయి. రికార్డు చేసిన గంటలు ఎక్కువ ఉంటే గొప్ప అనుకోకండి, రాసినవే లెక్క.

కాగితం మీద పెట్టేటప్పుడు

పదానికో కార్డు. నమూనాకి ఒకటి:

మాట: కయ్య
విన్న రూపం: కయ్య, బహువచనం కయ్యలు
అర్థం: గట్లు వేసి విడదీసిన వరిపొలపు ముక్క
వాక్యం: "పైకయ్యకి పెట్టి కిందకయ్యకి తిప్పినా"
చెప్పినవారు: మనిషి సంఖ్య 3, ఆడ, 67 ఏళ్లు, పుట్టిన ఊరు ఇదే
చూపించిన వస్తువు: ఇంటి ముందరి పొలం
ఎలా వచ్చింది: అడగకుండా కబుర్లలో

చివరి వరుస చాలామంది రాయరు. మాట దానంతటదే వచ్చిందా, ప్రశ్నకి వచ్చిందా, మనం అంటే ఒప్పుకున్నారా, ఈ మూడింటికీ విలువ వేరు. మూడో రకం కార్డుల్ని విడిగా కట్టగట్టి పెట్టండి. వాటిని ఇంకొకరి నోట వినేదాకా వాడొద్దు.

అర్థం ఇంగ్లీషులో రాసుకోకండి. 'కయ్య'కి పొలం అని అర్థమిచ్చే ఇంగ్లీషు మాట రాసుకుంటే, చేను, పొలం, మడి, కయ్య అన్నీ ఒకే గంపలో పడిపోతాయి. తేడాలు వెతకడానికి వచ్చి తేడాలు చెరిపేసుకున్నట్టవుతుంది.

తెలుగు లిపికి చాలావరకు పని జరిగిపోతుంది, మూడు చోట్ల మాత్రం జారిపోతుంది. ఒకటి, చ-ౘ, జ-ౙ. చేపని 'చ్యాప' అని పలికేవాళ్లున్నారు, కింద పరుచుకునేది 'ౘాప'. రెండింటినీ 'చాప' అని రాసుకొస్తే ఇంటికొచ్చాక ఏది ఏదో తెలియదు. ౘ, ౙ అక్షరాలు యూనికోడ్‌లో ఉన్నాయి, వాడండి. రెండు, 'వచ్చాడు'లో చ్చ తర్వాత వినపడే విశాలమైన అచ్చు. అది 'ఆ' కాదు, 'ఏ' కాదు. దానికి పైన ఒక గీత గుర్తు పెట్టుకుని, నోట్‌బుక్ మొదటి పేజీలో ఆ గుర్తు అర్థం రాసుకోండి. మూడు, ల-ళ, న-ణ. నూర్పిళ్లు చేసే చోటు కల్లమా, కళ్లమా అన్నది నిఘంటువు చూసి దిద్దకండి. ఆ మనిషి ఎలా అంటే అలాగే రాయండి. 'ఉండాది'ని 'ఉంది' చేసి 'శుభ్రం' చేసిన రికార్డు ఎందుకూ కొరగాదు.

కొలతల దగ్గర ఆగండి

ఈ జిల్లాల్లో కొలతలు అడగడం మొదలుపెడితే ఒక రోజు సరిపోదు. నెల్లూరులో పుట్టి ధాన్యం అంటే 850 కిలోలు. వేరే జిల్లాలో పుట్టి తూకం వేరు. పుట్టికి 20 తూములు, పది తూములు పందుము, ఐదు తూములు ఏదుము అని పాత లెక్క చెప్పే ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. పుట్టి అంటే ఏరు దాటే గుండ్రటి బుట్టపడవ కూడా. భూమిని కూడా ఒకప్పుడు పుట్లలో చెప్పేవారు. 848 నాటిదని చెప్పే అద్దంకి పండరంగని శాసనంలో దానమిచ్చిన నేల లెక్క పుట్లలోనే ఉంది. పదకొండు వందల ఏళ్లకి పైగా ఒకే మాట బతికి ఉంది, లోపలి సరుకు మాత్రం మారుతూ వచ్చింది.

కాబట్టి కొలత మాట విన్నప్పుడు "ఎంత?" అని ఒక్కసారి అడిగి వదిలేయకండి. దేనికి కొలత, ఏ పంటకి, తూకమా, కొలపాత్రా, ఇప్పుడు ఎన్ని బస్తాలు అని నాలుగు విధాల అడగండి. వీలైతే ఇంట్లో పాత కుంచం, మానిక ఉంటే తెప్పించి, బియ్యం పోసి తూకం వేసి, ఫొటో తీయండి. ఇళ్లస్థలాలు కొలిచే అంకణం విషయంలోనూ అంతే. 36 చదరపు అడుగులనే చోటుంది, 72 అనే చోటుంది. ఇళ్లస్థలం కొనేవాడు ఏ లెక్కన కొన్నాడో దస్తావేజులో చూసి రాయండి, నోటి మాట మీద నమ్మకం పెట్టుకోకండి.

భాష పేరు, కులం పేరు

ఇక్కడ తొందరపడితే మనుషులు నొచ్చుకుంటారు, పని కూడా చెడుతుంది. పులికాట్ సరస్సు నుంచి పైకి సముద్రపు ఒడ్డున వేట చేసుకునే పట్టపు కులంవాళ్లలో ఇంటిభాషలో తమిళం పోలికలు ఉంటాయి. ఎరుకలవాళ్లకి కుర్రు అనే సొంత భాష ఉంది. మార్కాపురం వైపు లంబాడీ తండాలున్నాయి. నెల్లూరు పట్టణంలో ఉర్దూ ఇళ్లున్నాయి. "మీ మాతృభాష ఏది?" అంటే వీళ్లలో చాలామంది తెలుగు అనే చెప్తారు. పిల్లల స్కూలు కాగితాల్లో, జనాభా లెక్కల్లో అదే చెప్పడం అలవాటు. "మీ అమ్మ మిమ్మల్ని తిట్టాలంటే ఏ భాషలో తిట్టేది?" అని అడగండి, నవ్వుతారు, తర్వాత నిజం చెప్తారు. ఆ భాషకి వాళ్లు ఏ పేరు పెడితే అదే రాయాలి. మనం "తమిళం యాస" అని రాయకూడదు.

కులం మొదట అడగొద్దు. అసలు అడగాల్సిన పనిలేకుండానే కబుర్లలో తెలిసిపోతుంది. తెలియకపోతే చివరి రోజు, ఎందుకు కావాలో చెప్పి అడగండి. వాళ్లు తమని తాము ఏమని చెప్పుకుంటారో అదే పేరు రాయండి. బ్రిటిష్ కాలంలో జిల్లా వివరాలు రాసిపెట్టిన పాత జిల్లా మాన్యువల్లో, శాసన సంపుటాల్లో కనపడే కొన్ని పేర్లు ఈరోజు తిట్టు కింద లెక్క, చట్టం ప్రకారం కూడా నేరం. 1873 నాటి నెల్లూరు జిల్లా మాన్యువల్ చదవొచ్చు, చదవాలి కూడా. దాని మాట మాత్రం మన వాక్యంలోకి తెచ్చుకోకూడదు. ముద్రించేటప్పుడు మనుషుల పేర్లు తీసేసి సంఖ్యలు వాడండి. చిన్న ఊళ్లో "67 ఏళ్ల కుమ్మరి ఆమె" అన్నా ఎవరో తెలిసిపోతుంది, కాబట్టి వయసు 60-70 అని వదులు చేయండి.

సరిచూసుకోవడం

నిఘంటువులు ఊరికి మోసుకుపోకండి. తిరిగొచ్చాక తెరవండి. మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం, 1971 నాటి చేనేత సంపుటం, 1852 నాటి బ్రౌన్ నిఘంటువు, శబ్దరత్నాకరం, ఈ వరుసలో చూస్తే చాలు. చాలావరకు ఆంధ్రభారతి సైటులో ఒకేచోట వెతకొచ్చు. శాసనాల కోసం 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి తెచ్చిన నెల్లూరు జిల్లా శాసనాల మూడు సంపుటాలున్నాయి. పాత పత్రికల కోసం వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయానికి పొండి. 1918లో మొదలైంది, ఒక పూట పెట్టుకుని పోతే చాలదు.

నిఘంటువులో లేదు కదా అని కొత్తమాట దొరికిందని సంబరపడకండి. ముందు ఉచ్చారణ మార్చి వెతకండి. గెనిమ, గెనెం, గనిమ అని మూడు విధాలా చూడండి. అయినా దొరక్కపోతే ఊళ్లో రెండో మనిషి నోట, మొదటివాళ్లు పక్కన లేకుండా వినాలి. ఇద్దరు విడివిడిగా అన్న మాటనే పట్టికలో ఎక్కించండి. ఒక్కరే అన్నది "ఒక్కరి మాట" అని గుర్తు పెట్టి విడిగా ఉంచండి. అది ఆ ఇంటి మాట కావచ్చు, లేదా ఆ పని చేసిన చివరి మనిషి మాట కావచ్చు. రెండోదైతే దానికున్న విలువ పట్టికలో మిగతా నూటికీ లేదు.

ఆర్నెల్లలోపు మళ్లీ ఆ ఊరు పొండి. కార్డులు పెద్ద అక్షరాల్లో ముద్రించి తీసుకెళ్లి, కొట్టం దగ్గర కూర్చోబెట్టి చదివి వినిపించండి. "అదెవరు చెప్పారు మీకు? దాన్నట్ట అనం" అని కనీసం పది కార్డులైనా కొట్టేస్తారు. కొట్టేసిన కార్డు చింపకండి. ఎర్ర పెన్నుతో గీత కొట్టి, ఎవరు కాదన్నారో, బదులు ఏమన్నారో, తేదీతో సహా దాని వెనకే రాయండి.